ఫిలిప్పీన్స్‌లో ఇద్దరం: పలవాన్ ఒక్కటి చాలా, బోహోల్, సికిహోర్ కూడా కలపాలా?

నీటిచుక్క | హైదరాబాద్

అందరికీ నమస్కారం. ఫిబ్రవరిలో మా ఆయనా నేనూ ఫిలిప్పీన్స్ వెళ్లాలనుకుంటున్నాం. భారతీయులకు వీసా అక్కర్లేదన్న నిబంధన 2025 జూన్‌లో వచ్చినప్పటి నుంచి ఇంట్లో ఇదే మాట. వీసా లేకుండా ఉండనిచ్చేది 14 రోజులే కాబట్టి ఆ గడువులోనే అన్నీ చూసెయ్యాలని ఆయన ఒక పట్టీ తయారు చేశారు. మనీలా, కోరోన్, ఎల్ నిడో, ప్యూర్టో ప్రిన్సెసా, సెబూ, బోహోల్, సికిహోర్, వీలైతే షియర్‌గావ్. పట్టీ చూస్తేనే నాకు ఆయాసం వస్తోంది.

నా ఇబ్బందులు కూడా చెబుతాను. నాకు ఈత రాదు. ఆయన కోనసీమ కాలువల్లో పెరిగిన మనిషి, నీళ్లు కనిపిస్తే చొక్కా విప్పేస్తారు. నేను శాకాహారిని, గుడ్డు కూడా ముట్టను. ఆయన నీటిలో కదిలేది ఏదైనా తింటారు. పడవ ఎక్కితే నాకు కడుపులో తిప్పుతుంది. ఇన్ని ఉన్నా వెళ్లాలనే ఉంది. వెళ్లి వచ్చినవారు దారి చూపండి.

పాత ఓడరేవు | విశాఖపట్నం

అమ్మా, ముందు మీ వారి చేతిలోంచి ఆ పట్టీ లాక్కోండి.

నేను సరకు ఓడల్లో పనిచేసి విరమించుకున్నవాణ్ణి. ఆ దేశానికి 7,641 దీవులని వాళ్ల సర్వే లెక్క. పటంలో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కనిపిస్తాయి. కానీ ఒక దీవి నుంచి మరో దీవికి మారడమంటే తెల్లవారుజామున లేవాలి, ట్రైసికిల్ (పక్కబండి తగిలించిన మోటారు సైకిల్) మీద రేవుకు చేరాలి, టెర్మినల్ రుసుము కట్టాలి, ప్రయాణికుల జాబితాలో పేరు రాయించాలి, సామాను ఎక్కించాలి. పడవ దిగాక మళ్లీ ట్రైసికిల్, మధ్యాహ్నం రెండు దాకా గది ఇవ్వని లాడ్జి. టికెట్ మీద రెండు గంటలని రాసి ఉన్న ప్రయాణం పగలంతా తినేస్తుంది. మీ పట్టీలో ఎన్ని మజిలీలుంటే సెలవులోంచి అన్ని రోజులు కొట్టేసి, చూడటానికి ఏం మిగిలిందో లెక్క వేసుకోండి.

రెండోది గాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ ఈశాన్యపు గాలి వీస్తుంది, దాన్ని అమిహాన్ అంటారు. జూన్ నుంచి అక్టోబరు దాకా నైరుతి గాలి, హబగాత్. అమిహాన్ చివర్లో వానలు తగ్గి ఆకాశం తేటగా ఉంటుంది, అందుకే అందరూ ఫిబ్రవరి మంచిదంటారు. మంచిదే. అయితే ఎండ కాస్తుండగానే సముద్రం లేచే రోజులూ ఉంటాయి. కోరోన్‌కూ ఎల్ నిడోకూ మధ్య లినపకాన్ జలసంధికి అడ్డం లేదు, గాలి నేరుగా కొడుతుంది. అక్కడి వాతావరణ శాఖ పగాసా హెచ్చరిక జారీ చేస్తే తీర రక్షక దళం ఒక్క పడవనూ కదలనివ్వదు. ఎంత బతిమాలినా లాభం లేదు, బతిమాలకూడదు కూడా. ఫెర్రీ దిగిన మరునాడే విమానం ఉండేలా టికెట్లు కొనకండి.

జంట సంచులు | బెంగళూరు

(శ్రీమతి రాస్తున్నాను) పెద్దాయన మాటకు నా ఓటు. మేం వెళ్లినప్పుడు పలవాన్ వైపూ (కోరోన్, ఎల్ నిడో అటే), విసాయాస్ దీవుల వైపూ (సెబూ, బోహోల్, సికిహోర్) రెండూ పెట్టుకున్నాం. మధ్యలో విమానం. సంచులు సర్దడం, విప్పడం తప్ప ఆ వారంలో నాకు ఇంకేమీ గుర్తు లేదు. భార్యాభర్తలు పోట్లాడుకోవడానికి ఓడరేవు టెర్మినల్‌ను మించిన చోటు లేదు, అనుభవంతో చెబుతున్నాను. నీటిచుక్క గారూ, రెండింటిలో ఒక వైపు ఎంచుకోండి. సున్నపురాతి కొండలు, మడుగులు, పడవలు కావాలంటే పలవాన్. రోడ్డు మీద స్కూటరు, జలపాతాలు, పాత చర్చిలు, పల్లెలు కావాలంటే బోహోల్, సికిహోర్.

(శ్రీవారు రాస్తున్నాను) ఆవిడకు గుర్తు లేకపోవచ్చు, నాకు అన్నీ గుర్తున్నాయి. సెబూ వదులుకోకండి. మోల్‌బోల్‌లో ఒడ్డు నుంచి పది అడుగులు వేస్తే చాలు, లక్షల సార్డీన్ చేపలు ఒకే గుంపుగా తిరుగుతుంటాయి. ముఖానికి అద్దం పెట్టుకుని తల ముంచితే పైన ఎండ మాయమైపోతుంది, అంత దట్టంగా ఉంటాయి. అదీగాక ఓస్లోబ్‌లో తిమింగల సొరలను చూడొచ్చు. బస్సంత చేప మీ పక్క నుంచి వెళ్తుంది!

ప్రవాళం | చెన్నై

ఓస్లోబ్ గురించి ఒక మాట. నేను స్కూబా చేసేదాన్ని, కాబట్టి ఊరుకోలేను. అక్కడ సొరలు తమంతట తాము రావడం లేదు. 2011 ప్రాంతం నుంచి జాలర్లు రోజూ పొద్దున సన్నరొయ్యలు చల్లుతూ వాటిని ఒడ్డుకు అలవాటు చేశారు. వలస వెళ్లాల్సిన చేప మేత కోసం అక్కడే ఉండిపోతుంది, పడవలకు రాసుకుని దెబ్బలు తగులుతాయి. చూడాలనే ఉంటే లూజోన్ దక్షిణాన డోన్సోల్ ఉంది. అక్కడ మేత వేయరు. వస్తే వస్తాయి, రాకపోతే ఖాళీ చేతులతో తిరిగి రావాలి.

జంట సంచులు | బెంగళూరు

(శ్రీవారు) ఆ జాలర్లు ఇదివరకు ఏం సంపాదించేవారో, ఇప్పుడు ఏం సంపాదిస్తున్నారో కూడా చూడాలి కదండీ. పిల్లల్ని కళాశాలకు పంపుతున్నామని మాతో చెప్పారు. ఖాళీ చేతులతో తిరిగి రావడం స్కూబా వాళ్లకు బాగానే ఉంటుంది.

ప్రవాళం | చెన్నై

వాళ్ల సంపాదన కాదనను. టికెట్ కొని అక్కడికి వెళ్లడమా మానడమా అన్నది మన చేతిలో ఉన్నది, దాని గురించే నా మాట.

పాత ఓడరేవు | విశాఖపట్నం

మా వైపు తంతడి తీరంలో 2021 డిసెంబరులో ఒక తిమింగల సొర వలలో చిక్కి ఒడ్డుకు వచ్చింది. జాలర్లూ అటవీ శాఖ వాళ్లూ కలిసి దాన్ని తిరిగి లోతుకు తోశారు. మన దేశంలో 2001 నుంచి దాని వేట నిషేధం. కాబట్టి నేను ప్రవాళం గారి వైపే. అయినా ఈ అమ్మాయి అడిగింది దారి గురించి, అటు వెళ్దాం.

మునగాకు | దావావో నుంచి ఇటీవలే కర్నూలు

నీటిచుక్క అక్కా, నేను దావావోలో వైద్యం చదివాను. తిండి సంగతి నాకు వదిలెయ్యండి.

శాకాహారం అంటే అక్కడ చాలామందికి అర్థం ‘మాంసం కనబడకపోవడం’. బెండకాయ, వంకాయ, కాకరకాయ, గుమ్మడికాయ కలిపి వండిన పినక్‌బెత్ పళ్లెంలో చూస్తే మన కూరే అనిపిస్తుంది, కానీ అందులో రొయ్యల ముద్ద బగోఒంగ్ పడుతుంది. చేమాకును కొబ్బరిపాలలో ఉడికించిన లయింగ్ వాసనకే నోరూరుతుంది, అందులోనూ ఎండు చేపో రొయ్యలో ఉంటాయి. పెసలతో చేసే మోంగో శుక్రవారం ఊరంతా వండుతారు, పైన పంది తోలు వేపుడు చల్లుతారు. తూటికూరలో ఆల్చిప్పల సాసు, కాదంటే చేపల నీళ్లు పతీస్. ‘కూరగాయలేనా?’ అని అడిగితే ‘అవును’ అంటారు, వాళ్ల దృష్టిలో అది అబద్ధం కాదు. అందుకే పదార్థం పదార్థం పేరు పెట్టి చెప్పాలి: వలాంగ్ కర్నే, వలాంగ్ ఇస్దా, వలాంగ్ పతీస్, వలాంగ్ బగోఒంగ్. మాంసం వద్దు, చేప వద్దు, పతీస్ వద్దు, బగోఒంగ్ వద్దు అని. కాగితం మీద రాసి వంటింటి మనిషికే చూపించండి, వడ్డించే మనిషికి కాదు.

ధైర్యంగా తినగలిగినవి చెబుతాను. పొద్దున్నే ‘తహోఓ’ అని కేక వినిపిస్తుంది. కావడికి రెండు వైపులా సత్తు డబ్బాలు వేసుకుని ఒకాయన వస్తాడు. ఒక డబ్బాలో వేడివేడి సోయా జున్ను, రెండోదాంట్లో బెల్లపు పాకం, సగ్గుబియ్యం. గ్లాసులో పలచగా గీరి వేసి, పైన పాకం పోసి ఇస్తాడు. అరటిపండును బెల్లంతో వేయించిన తురోన్, ఆకులో చుట్టి ఉడికించిన సుమాన్, మామిడిపళ్లు. అన్నానికి లోటు లేదు, మూడు పూటలా అన్నమే. దావావోలో మన విద్యార్థుల కోసం నడిచే మెస్సుల్లో పప్పూ సాంబారూ కూడా దొరికేవి, కానీ మీరు అటు వెళ్లడం లేదు. కాబట్టి కందిపొడి, చింతకాయ పచ్చడి సీలు వేసిన ప్యాకెట్లలో పట్టుకెళ్లండి. పచ్చి కరివేపాకు, పళ్లు, కూరగాయలు మాత్రం సంచిలో పెట్టకండి, విమానాశ్రయంలో తీసేసుకుంటారు.

మునగాకు అక్కడ ప్రతి పెరట్లోనూ ఉంటుంది, పేరు మలుంగ్గాయ్. నా సభ్యనామం అక్కడి నుంచి వచ్చిందే. కోడి పులుసులో వేస్తారు. మీకు పనికిరాదు, మీ వారికి పనికొస్తుంది.

చిల్లర లెక్క | విజయవాడ

ఖర్చుల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి.

పెసో అంటే సుమారు రూపాయిన్నర. మన యూపీఐ అక్కడ నడవదు. ఏటీఎంలో విదేశీ కార్డు పెడితే ప్రతిసారీ 250 పెసోలు కోత, చాలా యంత్రాలు ఒకేసారి 10,000 పెసోలకు మించి ఇవ్వవు. అంటే చిన్న మొత్తాలు తీసినకొద్దీ నష్టం. ఎల్ నిడోలో యంత్రాల్లో డబ్బు అయిపోయే రోజులుంటాయి, పోర్ట్ బార్టన్ లాంటి పల్లెలో యంత్రాన్నే నమ్ముకోకూడదు. మనీలాలోనో ప్యూర్టో ప్రిన్సెసాలోనో తీసి పెట్టుకోండి. డాలర్లు పట్టుకెళ్తే మడత పడని, మరక లేని నోట్లు పట్టుకెళ్లండి.

ప్రతి ఊళ్లోనూ ఒక పర్యావరణ రుసుము, ప్రతి మడుగు దగ్గరా ఒక ప్రవేశ రుసుము, ప్రతి రేవులోనూ ఒక టెర్మినల్ రుసుము. ఒక్కొక్కటీ చిన్నదే. సాయంత్రం కూడితే భోజనం ఖర్చును దాటుతుంది. ఈ-ట్రావెల్ అనే ఆన్‌లైన్ ప్రవేశ నమోదు విమానానికి 72 గంటల ముందు నుంచి చేసుకోవచ్చు, పూర్తిగా ఉచితం. దీనికి డబ్బు అడిగే వెబ్‌సైట్ కనిపిస్తే అది నకిలీదే. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ కాగితం మీద ముద్రించి పెట్టుకోండి, మన దగ్గర విమానం ఎక్కే ముందే అడుగుతారు. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు ఉండాలి.

దేశీయ విమానాల్లో చేతిసంచి 7 కిలోలు, తూకం వేసి మరీ చూస్తారు. అక్కడి ప్లగ్గుల్లో రెండు బల్లపరుపు రేకులు దూరతాయి, మన గుండ్రటి పిన్నులు చాలాచోట్ల దూరవు. అడాప్టర్ ఇక్కడే కొనండి.

ఢిల్లీ నుంచి మనీలాకు 2025 అక్టోబరులో నేరు విమానం మొదలైంది. హైదరాబాద్ నుంచైతే సింగపూర్, కౌలాలంపూర్, బ్యాంకాక్ మీదుగా వెళ్లడమూ సులువే, ధరలు పోల్చుకోండి.

నీటిచుక్క | హైదరాబాద్

అందరికీ కృతజ్ఞతలు. పట్టీ చింపేశాం. (ఆయన మూడు రోజులు ముభావంగా ఉన్నారు.) ఇప్పటి ఆలోచన: మనీలా నుంచి విమానంలో కోరోన్, అక్కడి నుంచి ఫెర్రీలో ఎల్ నిడో, వ్యాన్‌లో పోర్ట్ బార్టన్, తర్వాత ప్యూర్టో ప్రిన్సెసా, అక్కడి నుంచి వెనక్కి మనీలా. అంతే. ఈత రాని మనిషి ఆ మడుగుల్లో ఏం చేస్తుందో కూడా ఎవరైనా చెప్పండి.

ప్రవాళం | చెన్నై

హాయిగా తేలుతుంది. లైఫ్ జాకెట్ ఇస్తారు, కోరోన్ దగ్గరి కయాంగన్ సరస్సులో అయితే ఈత వచ్చినవాళ్లు కూడా వేసుకు తీరాలి. జాకెట్ పట్టీ నడుము దగ్గరే కాదు, తొడల మధ్య నుంచి వచ్చేది ఉంటే అదీ బిగించుకోండి, లేకపోతే నీళ్లలో జాకెట్ పైకి లేచి చెవుల దాకా వస్తుంది. ఎల్ నిడోలో పెద్ద మడుగులోకి మోటారు పడవలు రానివ్వరు, కయాక్ అద్దెకు తీసుకుని తెడ్డు వేసుకుంటూ వెళ్లాలి. ఇద్దరు కూర్చునేది తీసుకోండి. బరువైన మనిషి వెనక కూర్చోవాలి. తెడ్డు ఇద్దరూ ఒకే వైపు ఒకేసారి వేయాలి, లేదంటే గుండ్రంగా తిరుగుతూ కొండకు తగులుకుంటారు.

కాళ్లకు రబ్బరు చెప్పులు చాలవు, నీళ్లలో వేసుకునే బూట్లు కావాలి. ఆ సున్నపురాయి కత్తిలా ఉంటుంది, ఇసుకలో సముద్రపు ముళ్లకాయలు ఉంటాయి. నిండు చేతుల ఈత దుస్తులు వేసుకుంటే ఎండా తగలదు, జెల్లీ చేపల పోగులూ తగలవు. సన్‌స్క్రీన్ పగడాలకు హాని చేయని రకం కొనండి.

మీ వారికి స్కూబా మీద మనసుంటే కోరోన్‌లో చేయమనండి. 1944 సెప్టెంబరు 24న అమెరికా యుద్ధ విమానాలు అక్కడ దాక్కున్న జపాన్ సరఫరా ఓడల మీద దాడి చేసి ముంచేశాయి. ఇరాకో, ఓకికావా మారూ, అకిత్సుషిమా, ఇంకా మరికొన్ని. ఇప్పుడు వాటి మీద పగడాలు మొలిచాయి. లోతుకు దిగలేనివాళ్లకు లుసోంగ్ దగ్గర మునిగిన చిన్న తుపాకీ పడవ ఉంది. ఆటు సమయంలో దాని కొస నీటి పైకి కనిపిస్తుంది, పైన తేలుతూనే చూడొచ్చు. టుబ్బతాహా పగడాల దిబ్బల గురించి విని ఉంటే మాత్రం ఈసారికి మరిచిపోండి. మార్చి మధ్య నుంచి జూన్ మధ్య వరకే తెరుస్తారు, రోజుల తరబడి ఓడలోనే ఉండాలి, కడుపులో తిప్పే మనిషికి కాదు.

పాత ఓడరేవు | విశాఖపట్నం

కడుపులో తిప్పడం సంగతి: మాత్ర పడవ కదిలాక వేసుకుంటే ప్రయోజనం లేదు, గంట ముందు వేసుకోవాలి. పడవ ముందు కొసన ఫొటోల కోసం కూర్చోకండి, ఎక్కువ ఎగిరేది అదే. మధ్యకు కాస్త వెనకగా కూర్చుని దూరంగా ఉన్న కొండనో ఒడ్డునో చూడండి. ఫోను చూడకండి. ఖాళీ కడుపుతోనూ ఎక్కకండి.

బంగ్కా పడవను చూసి భయపడకండి. పడవ పొట్ట సన్నగా ఉంటుంది, కానీ రెండు పక్కలా రెక్కల్లా వెదురు బొంగులు కట్టి ఉంటాయి. అవి నీటి మీద ఆనుకుని పడవను ఒరగనివ్వవు. చెక్కకు నీరు పడితే కిర్రుకిర్రుమంటుంది, అది మామూలే.

నీటిచుక్క | కోరోన్ నుంచి

వచ్చేశాం. వైఫై ఉన్నంతసేపూ రాస్తాను.

కోరోన్ పట్టణానికి బీచ్ లేదని ఎవరూ చెప్పలేదే! రేవు, ట్రైసికిళ్లు, వీధికి రెండు టూరు కార్యాలయాలు, రాత్రి పదకొండు దాకా వీడియోకె (కరోకే) పాటలు. నీళ్ల అందమంతా ఎదురుగా ఉన్న కోరోన్ దీవిలో ఉంది. ఊరున్నదేమో బుసువాంగా దీవిలో. ఆ ఎదురు దీవి తగ్బన్వా ఆదివాసులది. అక్కడి సరస్సుల్లో చాలావరకు వాళ్లకు పవిత్రమైనవి, పరాయివాళ్లను రానివ్వరు. మనకు తెరిచినవి కయాంగన్, బరకూడా. మా గైడు ఇంకో వైపు కొండను చూపించి ‘అటు పడవ ఆపం’ అని మాత్రం చెప్పి ఊరుకున్నాడు. నాకు అది నచ్చింది.

కయాంగన్‌కు మెట్లెక్కి దిగాలి. అందరి గోడల మీదా ఉండే ఆ ఫొటో సరస్సుది కానే కాదు, మెట్ల పైనుంచి పడవలు ఆగిన మడుగు వైపు తీసేది. ఫొటో కోసం వరుస కట్టి నిలబడ్డారు. మేం వరుస వదిలేసి నేరుగా సరస్సులోకి దిగాం. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే నా కాళ్ల కింద మునిగిన రాతి శిఖరాలు చూసి ఎత్తు మీద నిలబడినట్టు కళ్లు తిరిగాయి. ఆయన చెయ్యి వదల్లేదు, నేను వదలనివ్వలేదు.

పడవ ఎక్కించే తీరు చూడాలి. ఒడ్డు నుంచి పడవకు ఒక పలక వేస్తారు. ఒక కుర్రవాడు గుండె లోతు నీళ్లలో నిలబడి పొడవాటి వెదురు కర్రను భుజం మీద ఎత్తి పట్టుకుంటాడు, అదే మనకు పట్టుకునే కడ్డీ. మనం నడుస్తుంటే కర్రతో పాటు అతనూ కదులుతాడు. పడవ వెనక బొగ్గుల మీద మధ్యాహ్నం భోజనం వండుతారు. మునగాకు తమ్ముడు రాసిన నాలుగు ముక్కలు కాగితం మీద చూపించాను. వంట చేసే ఆయన పైకి చదివి, నవ్వి, నాకోసం వంకాయలు కాల్చి తొక్క తీసి, ఉల్లిపాయ, కలమన్సీ (చిన్న నిమ్మకాయ) రసం పిండి అరిటాకులో పెట్టి ఇచ్చాడు. కందిపొడి నంజుకుని తిన్నాను. వంటాయన ఒక చిటికెడు అడిగి రుచి చూసి ‘చేప ఉందా ఇందులో?’ అని అనుమానంగా అడిగాడు.

సాయంత్రం మకినిత్ వేడినీళ్ల కొలను. సముద్రం పక్కనే ఉప్పునీటి ఊట. ఇంకా కూర్చుని ఉండేవాళ్లమే, చీకటి పడింది.

నీటిచుక్క | ఇంకా కోరోన్ నుంచే

పాత ఓడరేవు గారూ, మీ నోటి చలవ. గాలి హెచ్చరిక. ఎల్ నిడో ఫెర్రీ ఆగింది. ఎండ చక్కగా కాస్తోంది, టికెట్ల కిటికీకి చేత్తో రాసిన కాగితం అతికించి ఉంది. రేపటి సంగతి రేపే చెబుతారట. విదేశీయులు కొందరు కిటికీ దగ్గర గట్టిగా మాట్లాడుతున్నారు. స్థానికులు బియ్యం బస్తాల మీద కూర్చుని పేకాట మొదలుపెట్టారు.

ఆయన మాత్రం ఒక పెద్దాయనతో స్నేహం చేసుకున్నారు. అట్టపెట్టెలోంచి కోడిపుంజు తల బయటికి పెట్టి ఉంటే చూసి ఆగలేకపోయారు. అక్కడ కోడిపందేలు, వాళ్ల మాటలో సబోంగ్, చట్టబద్ధమైనవి. ఆదివారం ఆదివారం బరిలో ఆడతారు. ఆన్‌లైన్‌లో పందేలు కాయడాన్ని మాత్రం 2022లో ఆపేశారు. పెద్దాయన వేలితో కాలు చూపించి కత్తి ఎక్కడ కడతారో చెబుతున్నారు, మా ఆయన భీమవరం సంక్రాంతి వీడియోలు చూపిస్తున్నారు. భాష సగమే కలిసినా ఇద్దరికీ అన్నీ అర్థమవుతున్నాయి. పుంజు రంగుల గురించి అరగంట.

విమానం చివర్లో కాస్త ఎడంగా పెట్టుకున్నాం కాబట్టి కంగారు లేదు. పోర్ట్ బార్టన్ కుదించుకుంటాం.

చిల్లర లెక్క | విజయవాడ

ఫెర్రీ వాళ్లు రద్దు చేస్తే డబ్బు వాపసు అడగండి, లేదా తేదీ మార్పు రాయించుకోండి. లాడ్జిలో ఇప్పుడే ఇంకో రాత్రికి గది పట్టుకోండి. సాయంత్రానికి ఆగిపోయిన వాళ్లందరూ అదే వెతుకుతారు.

నీటిచుక్క | ప్యూర్టో ప్రిన్సెసా నుంచి

గది సలహా సమయానికి అందింది, మా వెనక వచ్చినవాళ్లకు దొరకలేదు.

సముద్రం సద్దుమణిగాక ఎల్ నిడో చేరాం. ఆ ఫెర్రీ గురించి రాయను, మాత్ర వేసుకుని కళ్లు మూసుకున్నాను. ఎల్ నిడో వీధులు ఇరుకు, జనం కిక్కిరిసి ఉన్నారు, నాకు ఊరు నచ్చలేదు. ఊరి ముందున్న బాక్విత్ అఖాతం మాత్రం ఊరి తప్పులన్నీ మాఫీ చేసింది. పొద్దున్నే మొదటి పడవకు వెళ్లండి, పెద్ద మడుగులో కయాక్‌లు గుమిగూడక ముందు. కొండల మధ్య సందులోకి వెళ్లేసరికి మా తెడ్డు నీళ్లలో పడే చప్పుడు రాతికి తగిలి తిరిగి వచ్చింది. తర్వాత పక్క పడవలో ఎవరో స్పీకరు పెట్టారు, అది వేరే సంగతి. ఇద్దరమూ ఒకే వైపు తెడ్డు వేయాలన్న సూత్రం ఆయనకు నచ్చలేదు. కొండకు తగులుకున్నాం.

పోర్ట్ బార్టన్‌లో ఒక రాత్రే కుదిరింది. నన్నడిగితే ఎల్ నిడోలో ఒక రోజు తగ్గించి అక్కడ పెంచుకోండి. ఇసుక మీద కుర్చీలు, మట్టి వీధులు, పనేమీ లేని కుక్కలు.

ఇక్కడి భూగర్భ నదికి సబాంగ్ రేవు నుంచి పడవ. అనుమతి ముందే తీసుకోవాలి, రోజుకు ఇంతమందికని పరిమితి ఉంటుంది. నది ఎనిమిది కిలోమీటర్లకు పైగా కొండ కిందే ప్రవహించి నేరుగా సముద్రంలో కలుస్తుంది. మనల్ని తీసుకెళ్లేది కిలోమీటరున్నర దాకా. 1999లో యునెస్కో జాబితాలో చేరింది. తలకు హెల్మెట్, చెవులకు వివరాలు చెప్పే యంత్రం. లోపల మాట్లాడకూడదు, తెడ్డు మనిషి దగ్గర ఒక్క దీపం. పైకి చూసేటప్పుడు నోరు మూసుకోండి అని ముందే హెచ్చరిస్తారు, గబ్బిలాలు వేలల్లో ఉన్నాయి. మా ముందు కూర్చున్న ఆయన ఆశ్చర్యపడి నోరు తెరిచాడు. పాపం.

మునగాకు | కర్నూలు

అక్కా, ఆ వంటాయనకు కందిపొడి ప్యాకెట్ ఇచ్చారా లేదా?

నీటిచుక్క | మనీలా విమానాశ్రయం నుంచి

సగం ఇచ్చాను. మిగతా సగం నాకే చాలలేదు.

తులసికోట | వరంగల్

ఇదంతా ఆసక్తిగా చదివాను. నాదొక సందేహం. మేమిద్దరమూ మా అత్తగారిని కూడా తీసుకెళ్లాలనుకుంటున్నాం. ఆవిడకు మోకాళ్ల నొప్పులు, పలకల మీద నడవడం, మెట్లు ఎక్కడం కుదరదు. ఏప్రిల్ చివర గానీ మేలో గానీ వెళ్తాం. పలవాన్ పనికివస్తుందా?

జంట సంచులు | బెంగళూరు

(శ్రీమతి) మీకు బోహోల్ సరిపోతుంది. విమానం నేరుగా పాంగ్లావ్ దీవిలోనే దిగుతుంది, అక్కడి నుంచి బోహోల్‌కు వంతెన ఉంది, దీవి మారడానికి పడవ ఎక్కాల్సిన పనే లేదు. కారు మాట్లాడుకుంటే లోబోక్ నది మీద పడవలో కూర్చుని భోజనం, అరచేతిలో పట్టేంత చిన్న కోతిజాతి టార్సియర్లు, చాక్లెట్ కొండలు ఒక్క రోజులో చూడొచ్చు. టార్సియర్ల కోసం కోరెల్లాలోని అభయారణ్యానికి వెళ్లండి, అది పగలు నిద్రపోయే జంతువు, ఫ్లాష్ వేయకండి. చాక్లెట్ కొండల దగ్గర పైన చూసే వేదికకు 214 మెట్లున్నాయి. అత్తగారిని కింద నీడలో కూర్చోబెట్టి మీలో ఒకరు తోడుండండి.

(శ్రీవారు) ఎండాకాలంలోనే ఆ కొండల మీది గడ్డి ఎండి చాక్లెట్ రంగుకు వస్తుంది, కాబట్టి మీ నెల మంచిదే. లోబోక్ చర్చి 2013 అక్టోబరు 15 భూకంపంలో దెబ్బతింది, మళ్లీ నిలబెట్టారు, అదీ చూడండి.

మునగాకు | కర్నూలు

ఒక చిన్న విషయం. మే నెలంతా బోహోల్‌లో ఊరికొక ఉత్సవం. ఒక్కో తేదీకి ఒక్కో ఊరు. మనీలాలో, విదేశాల్లో ఉన్న బోహోల్ వాళ్లందరూ ఆ నెలలో ఇంటికి వస్తారు, మా కళాశాలలోనూ ఆ ఊరి వాళ్లు సెలవు పెట్టేసేవారు. పాంగ్లావ్ విమానం టికెట్లు ఇప్పుడే చూడండి. ఏప్రిల్ అయితే ఆ ఏడాది ఈస్టరు ముందు వారం ఎప్పుడు పడుతుందో క్యాలెండర్‌లో చూసుకుని అది తప్పించండి.

తులసికోట | వరంగల్

ఈస్టరు తర్వాతి వారానికి చూస్తున్నాను. కారు ముందే మాట్లాడుకోవాలా, విమానాశ్రయంలో దొరుకుతుందా?

జంట సంచులు | బెంగళూరు

(శ్రీమతి) లాడ్జి వాళ్లనే అడగండి, మనిషిని పంపుతారు. ఆ రోజుకు మొత్తం ఎంతో, ప్రవేశ రుసుములు అందులో కలిశాయో లేదో రాయించుకుని ఎక్కండి.